కత్తెర పట్టక ముందు: చెన్నపట్నపు పెరటిలో దేశవాళీ మొక్కల కత్తిరింపు, పోషణ

ఇల్లు ఎంత చిన్నదైనా వాకిట ఒక మల్లెపొద, పెరట ఒక కరివేపచెట్టు, గోడవారగా ఒక నందివర్ధనం పెంచుకోవడం చెన్నపట్నంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అలవాటే. మొక్క నాటడం అందరికీ ఇష్టమైన పని. దానిని కత్తిరించవలసి వచ్చినప్పుడే చిక్కు ఎదురవుతుంది. ప్రాణమున్నదానిని కోయడానికి మనసు రాక కొందరు ఏళ్ళ తరబడి ముట్టకుండా వదిలివేస్తారు. పొద నడుమ ఎండుపుల్లలు పేరుకొని, పూలు చేతికందని కొనలకే పరిమితమవుతాయి. మరికొందరు వానలు రాబోతున్నాయని కూలికి మనిషిని పిలిచి, పెరటిలోని మొక్కలన్నింటినీ ఒకే రోజున, ఒకే ఎత్తున కొట్టించివేస్తారు. దానితో ఆ ఏటి పారిజాతాలు పోతాయి. తల నరికిన చెట్టు బలహీనమైన కొమ్మలు వేసి, కొన్నేళ్ళకు గాలివానలో పొరుగువారి కప్పుపై విరిగిపడుతుంది.

ఈ రెండింటికీ కారణం ఒక్కటే. మొక్క ఎక్కడ పూస్తుందో, ఎప్పుడు పూస్తుందో చూడకుండానే కత్తెర పట్టడం, లేదా పట్టకపోవడం. ఆ రెండు విషయాలు గమనించినవారికి ఎప్పుడు కోయాలి, ఎక్కడ కోయాలి, ఎంత కోయాలి అన్న మూడు ప్రశ్నలకు మొక్కే సమాధానం చెబుతుంది. తోటపనికి కొత్తవారు ఆ సమాధానాన్ని చదవడం నేర్చుకొనేందుకు ఈ పాఠం ఉద్దేశింపబడినది.

1. ఏవి మన మొక్కలు?

ఒక ప్రాంతపు నేలలో, వానలలో మనిషి ప్రమేయం లేకుండానే పుట్టి పెరుగుతూ వచ్చిన మొక్కను దేశవాళీ మొక్క అంటాం. కోరమాండల్ తీరపు మొక్కలను శాస్త్రీయంగా వర్ణించినవారిలో ప్రముఖుడు విలియం రాక్స్‌బర్గ్. వైద్యుడిగా 1776లో మదరాసు చేరిన ఆయన తరువాత గోదావరి ప్రాంతపు సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించాడు. 1795 నుండి వెలువడిన తన గ్రంథంలో మూడు వందల మొక్కలను చిత్రాలతో సహా వివరిస్తూ, అనేక మొక్కలకు తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. ఈ తీరపు మొక్కలతో మన భాషకు ఉన్న చుట్టరికం అంత పాతది.

మనకు బాగా అలవాటైనదంతా దేశవాళీ కాదు. కాగితంపూల తీగ దక్షిణ అమెరికా నుండి, దేవగన్నేరు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుండి, ఎర్రతురాయి మడగాస్కర్ నుండి వచ్చాయి. వాటిని పెంచడంలో తప్పు లేదు. అయితే ఈ పాఠం మన నేల మొక్కల వరకే.

నగరంలోని నర్సరీలలో తమిళపు పేర్లు వాడుకలో ఉంటాయి కనుక, కొనేటప్పుడు అడగవలసిన పేరును పక్కన ఇస్తున్నాము.

మల్లె — గుండుమల్లి
జాజి — జాతిమల్లి
కనకాంబరం — కనకాంబరం
డిసెంబరు పూలు — డిసంబర్ పూ
నూరువరహాలు — ఇట్లిప్పూ, వెట్చి
నందివర్ధనం — నందియావట్టై
పారిజాతం — పవళమల్లి
తంగేడు — ఆవారం
కరివేపాకు — కరువేప్పిలై
అడ్డసరం — ఆడాతోడై
వావిలి — నొచ్చి

2. కోసినప్పుడు మొక్కలో ఏమి జరుగుతుంది?

ప్రతి ఆకుకాడ కొమ్మను కలిసే మూలలో ఒక చిన్న మొటిమ వంటి భాగం ఉంటుంది. వృక్షశాస్త్రంలో దానిని గ్రీవపు మొగ్గ అంటారు. పూమొగ్గతో కలగాపులగం కాకుండా ఈ పాఠంలో దానిని ‘కన్ను’ అని పిలుద్దాం. ప్రతి కన్నూ ఒక కొమ్మ కాగలదు. అయినా చాలా కళ్ళు నిద్రావస్థలోనే ఉండిపోతాయి. కొమ్మ కొననున్న లేత చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కిందికి ప్రవహిస్తూ వాటిని మేలుకోనివ్వదు. ఈ లక్షణాన్ని అగ్రాధిక్యత అంటారు. కొనను తుంచితే ఆ అదుపు సడలి, దానికి వెంటనే దిగువన ఉన్న కళ్ళు చిగురిస్తాయి. ఒక కొమ్మ ఉన్నచోట రెండో మూడో కొమ్మలు వస్తాయి. కత్తిరింపు వలన పొద గుబురెక్కడానికి కారణం ఇదే.

రెండవ సంగతి: ఆకు మొక్కకు వంటిల్లు. ఆకులన్నీ ఒకేసారి పోతే మొక్క తన కాండంలో, వేళ్ళలో దాచుకున్న నిల్వను ఖర్చుచేసి తిరిగి చిగురించాలి. లేతమొక్కలో, నీరసించిన మొక్కలో ఆ నిల్వ ఉండదు. అందువలన ఒక్కసారికి మొత్తం పచ్చదనంలో మూడవ వంతుకు మించి తీయరాదన్నది కొత్తవారికి మేలైన హద్దు.

మూడవ సంగతి: మన చర్మం గాయాన్ని మాన్పుకొని కొత్త కణజాలంతో పూడ్చుకున్నట్లు చెట్టు చేయదు. గాయం చుట్టూ లోపల గోడ వంటి పొరలు కట్టుకొని, కుళ్ళు ముందుకు సాగకుండా ఆపి, పైన కొత్త కర్రను పెంచుతుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేలాది చెట్లను నిలువునా చీల్చి చూసి ఈ సంగతిని స్పష్టపరిచాడు. కోసిన చోట రంగు, తారు పూయడం వలన ఆ గోడ త్వరగా కట్టదని కూడా ఆయన పరిశోధనలు తెలిపాయి. నునుపైన కోత, సరైన చోట కోత, ఈ రెండే గాయానికి మందు.

3. పనిముట్లు

మూడు చాలు. వేలి మందం వరకు ఉన్న కొమ్మలకు, రెండు అలుగులు ఒకదానిపక్కగా ఒకటి జారే కొమ్మకత్తెర. అంతకు మించిన మందానికి సన్నపళ్ళ మడత రంపం. లేతచిగుళ్ళకు మన బొటనవేలి గోరు. కొడవలి, వేటకత్తి పొదలకు పనికిరావు. అవి కోయవు, చీలుస్తాయి. చీలిన అంచులో నీరు నిలిచి బూజు చేరుతుంది.

ఒక మొక్క నుండి మరొక మొక్కకు పోయేముందు కత్తెర అలుగును స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. తెగులు ఒక మొక్క నుండి ఇంకొక మొక్కకు చేరే మార్గాలలో మురికి కత్తెర ఒకటి. పని ముగిశాక ఆరబెట్టి, చుక్క నూనె రాయాలి. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము త్వరగా తుప్పుపడుతుంది.

4. కోత ఎక్కడ?

ముందుగా ఆకుల అమరికను చూడండి. మల్లె, జాజి, నూరువరహాలు, నందివర్ధనం, పారిజాతం, అడ్డసరం, వావిలి మొక్కలలో ప్రతి కణుపు వద్ద రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. అంటే కళ్ళు కూడా జంటగానే ఉంటాయి. ఇటువంటి కొమ్మను ఆకుజతకు కొంచెం పైన అడ్డంగా, సమంగా కోయాలి. రెండు కళ్ళూ చిగురించి రెండు కొమ్మలు వస్తాయి.

కరివేప, తంగేడు మొక్కలలో ఆకులు ఒకటి విడిచి ఒకటిగా, కణుపుకు ఒక్కటే ఉంటాయి. ఇక్కడ పొద లోపలికి కాక బయటి వైపుకు చూస్తున్న కన్నును ఎంచుకొని, దానికి పావు అంగుళం పైన, కన్నుకు ఎదురువైపు వాలేటట్లు ఏటవాలుగా కోయాలి. కొత్త కొమ్మ బయటికి పెరిగి, పొద నడుమకు వెలుతురు అందుతుంది. కన్నుకు మరీ దగ్గరగా కోస్తే కన్ను ఎండిపోతుంది. మరీ దూరంగా కోస్తే మిగిలిన మోడు కుళ్ళుతుంది.

కోతలు రెండు విధాలు. కొమ్మను మధ్యలో తుంచేది కొనకోత. దానివలన పొద గుబురెక్కుతుంది. కొమ్మను అది పుట్టినచోటికంటా తీసివేసేది మొదటికోత. దానివలన పొద పలచబడి గాలి ఆడుతుంది. కొత్తవారు తరచు చేసేది కొనకోత ఒక్కటే. ఏటేటా పైపైన సమంగా కత్తిరిస్తూ పోతే బయట పచ్చని గోడ, లోపల ఎండుపుల్లల గూడు మిగులుతాయి. కాబట్టి ప్రతి ఏడాదీ పొదలోని మిక్కిలి ముదురు కొమ్మలను రెండు మూడింటిని నేలదగ్గరకు తీసివేసి, తక్కినవాటికి కొనకోత వేయడం మంచి పద్ధతి.

ఏ మొక్కకైనా ఏ కాలమందైనా తీసివేయదగినవి నాలుగు: ఎండినవి, తెగులు సోకినవి, విరిగినవి, ఒకదానికొకటి ఒరుసుకొనేవి. కొమ్మ ఎండినదో లేదో తెలియకపోతే గోటితో బెరడును కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్లే. మొదట ఈ నాలుగింటిని తీసి, పది అడుగులు వెనక్కి నడచి, మొక్కను మళ్ళీ చూడండి. ఇంకేమీ కోయనవసరం లేదని చాలాసార్లు అర్థమవుతుంది.

5. కోత ఎప్పుడు?

తోటపని పుస్తకాలలో అనేకం చలిదేశాలను దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. ఆకులన్నీ రాలి మొక్కలు నిద్రపోయే మంచుకాలంలో కోయమని అవి చెబుతాయి. చెన్నైలో మంచు లేదు. ఇక్కడ మొక్కలకు కష్టకాలం ఎండాకాలం. ఏడాదిలో కురిసే సుమారు 1400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తుంది. మన కత్తిరింపు పంచాంగం ఈ వానకు, ఆ ఎండకు అనుగుణంగా ఉండాలి.

మన పెరటి పూలపొదలలో అధికభాగం ఆ ఏడు వచ్చిన కొత్త చిగురుపైననే పూస్తాయి. కనుక సూత్రం సులభం. ఒక పూతకాలం ముగిసిన తరువాత, మరుసటి పూతకు కావలసిన చిగుళ్ళు పెరగడానికి వ్యవధి ఉండగానే కోయాలి. ఆ లెక్కన పొదలు మూడు వర్గాలవుతాయి.

వేసవిలో పూసేవి, అంటే మల్లె వంటివి, వానలు తగ్గుముఖం పట్టే నవంబరు చివర, డిసెంబరులో కోయాలి.
వానకాలంలో, చలికాలంలో పూసేవి, అంటే పారిజాతం, డిసెంబరు పూలు, పూత ముగిసిన జనవరి చివర, ఫిబ్రవరిలో కోయాలి.
ఏడాది పొడుగునా విడతలుగా పూసేవి, అంటే నందివర్ధనం, నూరువరహాలు, కనకాంబరం, ప్రతి విడత పూత వాడగానే కొద్దికొద్దిగా కోయాలి.

ఏడాదిలో రెండు కాలాలలో గట్టి కోత ఏ మొక్కకూ తగదు. మొదటిది ఎడతెగని వానలు కురిసే రోజులు. తడిగాయంలో బూజు త్వరగా చేరుతుంది. రెండవది మే నెల. తమిళులు కత్తిరి వెయిల్ అని, మన పంచాంగాలు కర్తరి అని చెప్పే కాలం మే మొదటి వారం నుండి నెలాఖరు దాకా సాగుతుంది. కర్తరి అన్న మాటకే కత్తెర అని అర్థం. కర్తరిలో చెట్లు కొట్టరాదు, మట్టిపని చేయరాదు అని పెద్దలు చెబుతూ వచ్చారు. ఆచారానికి మూలం ఏదైనా, తోటకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. ఆకునీడ పోయిన బెరడు ఆ ఎండకు కాలి పగులుతుంది. వచ్చిన లేతచిగురు వేడిగాలికి మాడిపోతుంది. కత్తెర పేరుగల నెలలో కత్తెరను పక్కన పెట్టాలని గుర్తుంచుకుంటే చాలు.

6. మొక్కవారీగా

మల్లె: గట్టికోతను తట్టుకోవడమే కాక, దానిని కోరే మొక్క ఇది. గుండుమల్లెను నవంబరు చివరి వారంలో నేల నుండి 50 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించాలని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతులకు చెబుతుంది. మూడవ వంతు హద్దుకు ఇది మినహాయింపు. వేరూనిన, ఆరోగ్యవంతమైన పొదకే వర్తిస్తుంది. నాటి రెండేళ్ళు నిండని మొక్కను, కుండీలోని మొక్కను మూడవ వంతు మాత్రమే తగ్గించండి. నవంబరులో వాన తెరిపి ఇవ్వకపోతే డిసెంబరు వరకు ఆగవచ్చు. కోసిన తరువాత మిగిలిన ముదురాకులను దూసివేసి, పాదు చేసి, ఎరువు వేసి నీరు పెడితే మార్చి నాటికి కొత్త కొమ్మల కొనలన మొగ్గలు కనిపిస్తాయి. జాజిని మల్లె తరువాత నెల రోజులకు, డిసెంబరు చివర కోయాలి.

పారిజాతం: వానకాలం నడుమ మొదలై చలికాలం దాకా పూస్తుంది. వానలకు ముందు కొమ్మలు తీయించే అలవాటు వలన ఎక్కువగా నష్టపోయే మొక్క ఇదే. సెప్టెంబరులో కోస్తే పూలనిచ్చే చిగుళ్ళే పోతాయి. ఫిబ్రవరిలో, కాయలు ఎండిన తరువాత, పోయిన ఏటి కొమ్మలను సగానికి తగ్గించండి. నడుమ ఒరుసుకొనే కొమ్మలను మొదలంటా తీయండి. ఆకులు గరుకుగా ఉంటాయి కనుక చేతులకు గుడ్డ చుట్టుకోవడం మంచిది.

డిసెంబరు పూలు: పూత కాగానే జనవరి, ఫిబ్రవరి నెలలలో సగం ఎత్తుకు కోయండి. కోసిన కొమ్మల ముక్కలు తడిమట్టిలో సులభంగా వేరూనుతాయి. ఇరుగుపొరుగులకు పంచడానికి ఇది తగిన సమయం.

కనకాంబరం: పూలన్నీ రాలిన కంకిని దాని కాడతో సహా తుంచాలి. తుంచకుంటే మొక్క తన బలాన్ని గింజలకు పెడుతుంది. ఎండిన కాయపై వానచినుకు పడితే అది టప్పుమని పగిలి గింజలను దూరంగా విసరుతుంది. మొక్కలు మొలవాలని కోరుకుంటే ఒకటి రెండు కంకులను వదలండి.

నూరువరహాలు: పూగుత్తి ఎప్పుడూ కొమ్మ కొననే వస్తుంది. కంచెలాగా పదిరోజులకొకసారి పైపైన కత్తిరించేవారు మొగ్గలనే కోసివేస్తున్నారు. వాడిన గుత్తిని దాని కింది ఆకుజత పైకి తీస్తే చాలు. ఈ మొక్క కొంచెం పుల్లనేలను కోరుతుంది. కొత్తగా కట్టిన గోడ పక్కన సున్నం, సిమెంటు కలిసిన మట్టిలో లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందని లక్షణం. దానికి కత్తెర వైద్యం కాదు. ఆ మట్టిని తీసి ఆకుల ఎరువు కలిపిన మట్టి నింపాలి.

నందివర్ధనం: తెగినచోట పాలు కారతాయి. కంటికి తగలనీయరాదు, పని కాగానే చేతులు సబ్బుతో కడగాలి. పొదగానైనా చిన్న చెట్టుగానైనా పెంచవచ్చు. చెట్టుగా కావాలంటే మోకాలి ఎత్తు వరకు ఉన్న పక్కకొమ్మలను రెండేళ్ళలో క్రమంగా తీయండి. ఆకులను తినే లావుపాటి పచ్చని గొంగళి, తలదగ్గర నీలికంటి గుర్తులతో ఉన్నది, కనబడితే భయపడనవసరం లేదు. అది ఒక పెద్ద చిమ్మెట పిల్ల. మొక్క తిరిగి చిగురిస్తుంది.

తంగేడు: తెలంగాణలో బతుకమ్మకు పేర్చే పువ్వు, ఆ రాష్ట్రపు పుష్పం. ఎండను, పేదనేలను ఇష్టపడే ఈ పొదకు ఎక్కువ నీరు, ఎక్కువ ఎరువు హానికరం. కాయలు ముదిరిన తరువాత కొనలను మూడవ వంతు తగ్గించండి. ముదురు మొదలును నరికితే తిరిగి చిగురించకపోవచ్చు కనుక ఆకులున్న భాగాన్నే కోయండి.

కరివేప: ఆకులను ఒక్కొక్కటిగా దూయడం కంటే లేతరెమ్మను కన్నుకు పైన కోసి తీసుకోవడం మేలు. వంటకు కోసే ప్రతి కోతా కత్తిరింపే. మొక్క మూడడుగులు దాటగానే తలను తుంచితే అయిదారు కొమ్మలు వచ్చి చేతికందే ఎత్తున గుబురెక్కుతుంది. ఆకు కోసమే పెంచేవారు పూగుత్తులను తీసివేయాలి. పిట్టరెట్టలాగా కనిపించే చిన్న పురుగులు ఆకులపై ఉంటే అవి నల్లని సీతాకోకచిలుక పిల్లలు కావచ్చు. పెద్ద మొక్కలో రెండు రెమ్మలను వాటికి వదలవచ్చు.

అడ్డసరం, వావిలి: కంచెకు తగినవి, మొరటు చేతినీ మన్నించేవి. ఫిబ్రవరిలో, మళ్ళీ జూలైలో కోయవచ్చు. మొదటిసారి కత్తెర పట్టేవారు వీటిపై చేయి సాధన చేసుకోవడం ఉత్తమం.

7. చెట్టు వేరు, పొద వేరు

2016 డిసెంబరు 12న వర్ధా తుపాను చెన్నై వద్ద తీరం దాటినప్పుడు నగరంలో వేలాది చెట్లు నేలకొరిగాయి, కొమ్మలు విరిగి దారులను మూసివేశాయి. ప్రతి ఏటా వానలకు ముందు భయంతో చెట్ల తలలు నరికించడం అటువంటి జ్ఞాపకాల ఫలితమే. కానీ తలనరకడం భయాన్ని తగ్గిస్తుందే గాని ప్రమాదాన్ని కాదు. నరికిన మోడు చుట్టూ నీటికొమ్మలు గుంపుగా లేచి వేగంగా పొడుగెదుగుతాయి. అవి కర్ర లోతులనుండి కాక పైపొరనుండి పుట్టినవి కనుక పట్టు బలహీనం. కింద మోడు కుళ్ళుతూ ఉంటే పైన అవి బరువెక్కుతాయి. మూడు నాలుగేళ్ళకు చెట్టు మునుపటికంటే ప్రమాదకరమవుతుంది.

వేప, కానుగ, పొగడ, పొన్న వంటి చెట్లకు కావలసినది వేరు. చిన్ననాడే ఒక నిటారు కాండాన్ని నిలిపి, దానితో పోటీపడే రెండవ కాండాన్ని తీసివేయడం, ఎండుకొమ్మలు తీయడం, దట్టమైనచోట కొన్ని కొమ్మలను మొదలంటా తీసి గాలికి దారి ఇవ్వడం. ఈ పనులకు ఆగస్టు, సెప్టెంబరు తొలివారాలు అనుకూలం. చెట్టు చుట్టూ మొదలువరకు సిమెంటు పోయించకుండా మట్టిని విడిచిపెట్టడం కత్తిరింపుకంటే ముఖ్యం. వేళ్ళు ఊపిరి తీసుకోలేని చెట్టును ఏ కత్తెరా నిలబెట్టలేదు.

లావు కొమ్మను ఒకే కోతతో తీస్తే అది తన బరువుకు కిందికి జారుతూ కాండపు బెరడును చీల్చుకొని పోతుంది. అందుకు మూడు కోతలు వేయాలి. కాండానికి అడుగు దూరంలో కిందివైపు నుండి మూడవ వంతు లోతు మొదటి కోత. దానికి కొంచెం ఆవల పైనుండి రెండవ కోత; దీనితో కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడును, కొమ్మ కాండంతో కలిసేచోట ఉబ్బుగా కనిపించే వలయానికి కొంచెం బయట, మూడవ కోతతో తీయాలి. ఆ ఉబ్బులోనే గోడకట్టే శక్తి ఉన్నది. దానిని చెక్కివేయరాదు, దానిపై మోడునూ మిగల్చరాదు.

కొత్తవారికి హద్దు: నేలపై నిలబడి చేతికందే కొమ్మలు, మణికట్టుకంటే సన్నని కొమ్మలు మాత్రమే. నిచ్చెన ఎక్కవలసిన పనిని అనుభవజ్ఞులకు అప్పగించండి. విద్యుత్తు తీగలను తాకుతున్న కొమ్మ జోలికి ఎవరూ పోరాదు. విద్యుత్ కార్యాలయానికి తెలియజేసి, సరఫరా ఆపించిన తరువాతనే ఆ పని జరగాలి. వీధిలోని చెట్లు నగరపు ఉమ్మడి ఆస్తి. వాటి కొమ్మ అడ్డుగా ఉన్నదనిపిస్తే నగరపాలక సంస్థకు విన్నవించాలి గాని స్వయంగా కోయరాదు.

కోయడానికి ముందు ఒక నిమిషం గూళ్ళకోసం వెదకండి. ఆకులను కుట్టి గూడు కట్టే చిన్నపిట్ట, వేలాడే సంచివంటి గూడు కట్టే తేనెపిట్ట, రెండూ మన పెరటిపొదలలోనే కాపురముంటాయి. గూటిలో గుడ్లో పిల్లలో ఉంటే ఆ కొమ్మ పనిని కొన్ని వారాలు వాయిదా వేయండి.

8. కత్తిరింపు తరువాత

గట్టికోత పడిన మొక్కకు ఆ రోజు నిండుగా నీరు పెట్టి, తరువాత మట్టి పైఅంగుళం ఆరినప్పుడే మళ్ళీ పెట్టాలి. ఆకులు తగ్గిన మొక్క తక్కువ నీరు తాగుతుంది. రోజూ పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. తాగునీటి శుద్ధియంత్రం నుండి బయటికి వచ్చే వ్యర్థజలంలో లవణాలు అధికం. నీటి ఎద్దడి రోజులలో కూడా దానిని ఒంటిగా ప్రతిదినం పోయరాదు.

చిగురు కనిపించిన తరువాత గుప్పెడు వానపాముల ఎరువో, బాగా మాగిన పశువుల ఎరువో మొదలుకు జానెడు దూరంలో వేసి మట్టిలో కలపండి. లేతచిగుళ్ళపై తెల్లని దూదివంటి పిండినల్లి చేరితే ముందు నీటిధారతో కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లండి.

కోసిన ఆకులను, సన్నపుల్లలను తుంచి పాదులో రెండు మూడు అంగుళాల మందాన పరచండి. మొదలును తాకనీయకండి. ఈ కప్పు వేసవిలో తేమను నిలిపి, వానలో మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది. తెగులు సోకిన కొమ్మలను మాత్రం ఇందులో కలపరాదు. తోటవ్యర్థాన్ని కాల్చడం, వీధిలోనో కాలువలోనో పారవేయడం ఘనవ్యర్థాల నియమాల ప్రకారం నిషిద్ధం. వాననీటి కాలువలో చేరిన కొమ్మలు అక్టోబరులో వీధిని ముంచుతాయి. మిగిలినదానిని విడిగా ఉంచి సేకరణ సిబ్బందికి అప్పగించండి.

9. మొదటి ఏటి అభ్యాసం

ఒకటి: మీ పెరటిలోనో మిద్దెపైననో ఉన్న ఒక మొక్కను ఎంచుకొని, ఏడాదిపాటు నెలకొకసారి నాలుగు సంగతులు నోటుపుస్తకంలో వ్రాయండి. కొత్త చిగురు ఉన్నదా? మొగ్గ కొనన ఉన్నదా, పక్కన ఉన్నదా? పూత ఎప్పుడు ముగిసింది? వాన ఎప్పుడు పడింది? మరుసటి ఏడు మీకు ఏ పుస్తకమూ అక్కరలేదు.

రెండు: ఒకే మొక్కలో రెండు సమానమైన కొమ్మలను తీసుకొని, ఒకదాని కొనను తుంచి, రెండవదానిని అట్లే వదలండి. మూడు వారాల తరువాత ఏ కొమ్మపై ఎన్ని చిగుళ్ళు వచ్చాయో లెక్కించండి.

మూడు: ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలరేమో చూసుకోండి. పారిజాతాన్ని సెప్టెంబరులో ఎందుకు కోయరాదు? ఎదురెదురు ఆకులున్న కొమ్మను అడ్డంగా ఎందుకు కోస్తాం? తలనరికిన చెట్టు తుపానుకు మునుపటికంటే ఎందుకు లొంగుతుంది? మూడింటికీ సమాధానం తెలిసినవారు కత్తెర పట్టవచ్చు. తెలియనివారు కత్తెరను పక్కన పెట్టి మరొక పూతకాలం మొక్కను గమనించడం మంచిది. ఆలస్యమైన కోతవలన పెద్ద నష్టం లేదు. తప్పుచోట వేసిన కోతను మాత్రం తిరిగి అతికించలేము.